నల్గొండ ఎండలో పగడాల ట్యాంకు

ఉప్పునీళ్ళ రీఫ్ ట్యాంకు, అంటే ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు పెంచే ట్యాంకు పెట్టాలనుకుంటున్నాం, ఎంత అవుతుంది, ఏ చేపలు వెయ్యాలి అని ఈమధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందులో సగం మంది మన మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు వాళ్ళే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒక్కచోట రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఇందులో చేపల సంగతి తక్కువ. మన దగ్గర ఈ ట్యాంకు అంటే నీళ్ళు, వేడి, కరెంటు, ఈ మూడు కుదిరితే చేప దానంతటదే బతుకుతుంది, ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన చేప తెచ్చినా దండగ. నెట్‌లో దొరికే వీడియోల్లో ఎక్కువ శాతం చలిదేశాల వాళ్ళవి, వాళ్ళు మొట్టమొదట హీటర్ కొనమంటారు. నా హీటర్‌కు డిసెంబర్, జనవరి రాత్రుల్లో తప్ప పనే ఉండదు.

ముందు ట్యాంకు. నాది 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా పోస్తే 190 లీటర్లు పడుతుంది, కింద సంప్‌లో (ట్యాంకు కింద పెట్టే చిన్న తొట్టి) ఇంకొన్ని, రాళ్ళు ఆక్రమించింది తీసేస్తే నికరంగా తిరిగే నీళ్ళు ఓ 200 లీటర్లు అనుకోండి. కొత్తవాళ్ళకు ఇంతకంటే చిన్నది వద్దంటాను, ఎందుకంటే చిన్న ట్యాంకు త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఉప్పెక్కుతుంది, మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉండగా జరగాల్సిందంతా జరిగిపోతుంది. అద్దం 10 ఎంఎం, మన ఊళ్ళో అద్దాల షాపులోనే కోయించి అతికించొచ్చు. సిలికాన్ మాత్రం అడిగి తీసుకోండి, బాత్రూముల్లో బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే రకం చేపలకు విషం. స్టాండ్ వెల్డింగ్ షాపులో ఇనుముతో చేయించుకుంటే రంగు రెండు కోట్లు ఎక్కువే వేయించండి, ఉప్పునీళ్ళ తుంపర పడితే ఇనుము ఎట్లా తయారవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్ళు, రాళ్ళు, అద్దం, స్టాండ్ అన్నీ కలిపి 350 కిలోల దాకా వస్తుంది కాబట్టి పై అంతస్తులో పెట్టేవాళ్ళు గోడ పక్కన, దూలం ఉన్నచోట పెట్టుకోండి.

ఇక నీళ్ళు. మన నల్గొండ జిల్లా పేరు చెప్తే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఫ్లోరైడే, మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎంతమంది నడుములు వంగిపోయాయో మనకు తెలియనిది కాదు. అందుకని అందరి మొదటి భయం కూడా అదే: "అన్నా, మన నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటది గదా, పగడాలు బతుకుతయా?" సముద్రపు నీళ్ళలో సహజంగానే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. తాగునీటికి మన దేశంలో పెట్టిన హద్దు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంటే మనం తాగడానికి జంకే మోతాదులోనే పగడాలు పుట్టి పెరుగుతున్నాయి. మన బోరు నీళ్ళతో పగడాలకు వచ్చే ముప్పు వేరేచోట ఉంది: పొలాల ఎరువుల నుంచీ సెప్టిక్ ట్యాంకుల నుంచీ దిగే నైట్రేట్, గ్రానైట్ రాళ్ళలోంచి వచ్చే సిలికా, ఎక్కడైనా రాగి, ఇత్తడి ఫిట్టింగు ఉంటే అందులోంచి కరిగే రాగి. నైట్రేట్, సిలికా నాచును పెంచుతాయి. రాగి కొంచెం ఎక్కువైనా నత్తలు, రొయ్యలు, పగడాలు చచ్చిపోతాయి. నల్లా నీళ్ళు ఉదయసముద్రం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళే గనక చాలా నయం, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది.

కాబట్టి ఆర్వో ఒక్కటే సరిపోదు, దాని తర్వాత డీఐ రెజిన్ (ఆర్వో దాటి వచ్చిన కాసిన్ని ఖనిజాలను కూడా పట్టేసే గుళికలు) కూడా ఉండాలి. దుమ్ము పట్టే ఫిల్టర్, కార్బన్, మెంబ్రేన్, చివర్న రెజిన్, ఈ వరుస. బయటికొచ్చే నీళ్ళు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు, ఖనిజాల లెక్క) మీటర్‌లో 0 చూపాలి, 5 వచ్చినా రెజిన్ మార్చే టైమ్ అయినట్టే. ఇంట్లో తాగే ఆర్వో మెషిన్ నీళ్ళు పనికిరావు, రుచి కోసం అందులో కొంత మామూలు నీళ్ళు కలిపే ఏర్పాటు ఉంటుంది. వాటర్ ప్లాంట్ క్యాన్ కూడా అంతే, ఒకరోజు 30 ఉంటుంది, ఇంకోరోజు 90. మన ఊరి పేరుతోనే ప్రపంచానికి తెలిసిన నల్గొండ టెక్నిక్ గురించి కూడా ఒకరు అడిగారు. నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతి అది. తాగునీటికి కనిపెట్టారు, మనుషులకు మంచిదే, కానీ పటిక వేసిన నీళ్ళలో అల్యూమినియం మిగలొచ్చు, దాన్ని నేరుగా ట్యాంకులో పొయ్యొద్దు. బోరు, నల్లా రెండూ ఉన్న ఇల్లయితే నల్లా నీళ్ళే ఆర్వోకి ఇవ్వండి. నా మీటర్‌లో నల్లా నీళ్ళు 300 చుట్టూ, బోరు వెయ్యి పైన చూపిస్తాయి, బోరు ఇస్తే రెజిన్ మూడు రెట్లు త్వరగా అయిపోతుంది. ఒక లీటరు మంచి నీళ్ళు తీస్తే మూడు నాలుగు లీటర్లు వ్యర్థంగా పోతాయి. మా ఇంట్లో అవి డ్రమ్ములోకి పట్టి బండలు కడగడానికి, గిన్నెలకు వాడతాం, అలా కాకుండా మోరీలోకి వదిలేసి ఉంటే మా అమ్మ ఈ ట్యాంకును ఎప్పుడో బయట పడేసేది.

బాపట్ల పోయి సూర్యలంకలో క్యాన్లు నింపుకొని రావచ్చు గదా అంటారు కొందరు. డీజిల్ లెక్క పక్కన పెట్టినా, ఒడ్డున దొరికేది అసలు సముద్రం నీళ్ళు కాదు. బంగాళాఖాతంలోకి గంగ, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడతాయి, వానాకాలం తర్వాత ఒడ్డు దగ్గర ఉప్పదనం బాగా తగ్గిపోతుంది, ఒండ్రు ఎక్కువ, ఊళ్ళ మురుగు వేరే. ఇంకొందరు కల్లుప్పు వేస్తే పోలా అంటారు. సముద్రపు ఉప్పులో సోడియం, క్లోరిన్ కలిపి 85 శాతం పైనే గానీ పగడాలకు కావలసింది ఆ మిగతా పదిహేను శాతంలోనే ఉంది: మెగ్నీషియం, కాల్షియం, బైకార్బనేట్, పొటాషియం, స్ట్రాన్షియం. ఇవన్నీ కలిపి అమ్మే రీఫ్ సాల్ట్ కొనాల్సిందే, దాంట్లో బేరం లేదు. లీటరు నీళ్ళకు 35 గ్రాముల లెక్క, కానీ సంచిలో ఉప్పుకు తేమ ఉంటుంది కాబట్టి 38 దాకా పడుతుంది, అంటే నా ట్యాంకుకు మొదటిసారి ఏడున్నర కిలోలు. ముందు నీళ్ళు డ్రమ్ములో పోసి, అందులో పంపు తిప్పుతూ ఉప్పు కొంచెం కొంచెంగా వెయ్యాలి. తిరగేసి ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లగా గడ్డకట్టి అడుగున పడుతుంది, మళ్ళీ కరగదు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మామూలు నీళ్ళతో 0 దగ్గర సరిచేసి వదిలెయ్యకుండా 35 పీపీటీ (కిలో నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి, మనం కొలిచేది అక్కడ కాబట్టి.

రాళ్ళ దగ్గర ఆగి చదవండి, ఇక్కడ చట్టం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద 2001లో గట్టి పగడాలన్నిటినీ మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, అంటే పులి ఉన్న షెడ్యూల్. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా అప్పుడే చేరాయి. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చిన లైవ్ రాక్ (ప్రాణులతో సహా సముద్రంలోంచి తీసిన రాయి) అని ఎవరైనా చూపిస్తే, ఆ రాయి అంతా చనిపోయిన, బతికున్న పగడమే. విదేశాల నుంచి వచ్చేవైనా గట్టి పగడాలన్నీ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, 2022 సవరణ తర్వాత అలాంటి ప్రాణులను ఇంట్లో ఉంచుకునేవాళ్ళు కాగితాలతో సహా నమోదు చేసుకోవాలి. కాగితం లేకుండా "ఏం కాదు సార్, అందరూ కొంటున్నరు" అని అమ్మేవాళ్ళు ఉంటారు. నేను కొనను, మీకూ వద్దు. చట్టం సంగతి అటుంచినా 2024లో లక్షద్వీప్ పగడాలు వేడికి తెల్లబడిపోయాయని వార్తలు చదివాక అక్కడి నుంచి ఒక ముక్క విరగ్గొట్టుకొచ్చి మన హాల్లో పెట్టుకోవడంలో ముచ్చటేముంది.

నేను వేసింది డ్రై రాక్, ఫ్యాక్టరీలో చేసిన చిల్లుల చిల్లుల రాయి. మన దగ్గర సున్నపురాయికి కొదవా, మేళ్ళచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే నడుస్తున్నాయి, తాండూరు బండ కూడా సున్నపురాయే, అది వాడొచ్చా అంటే వాడినా లాభం తక్కువ. కోట్ల ఏళ్ళు నొక్కుకుపోయిన గట్టి రాయి అది, లోపల సందులు ఉండవు. ఇక్కడ రాయి అందానికి కాదు, దాని సందుల్లో బ్యాక్టీరియా కాపురం పెట్టాలి. కిలో రాయిలో లోపలి చోటు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

ఇక వేడి. పగడాల ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, 28 దాకా ఓర్చుకుంటాయి, 30 దాటి రోజుల తరబడి ఉంటే వాటి కణాల్లో ఉండే నాచును బయటికి నెట్టేసి తెల్లబడతాయి. మనకు మే నెలలో బయట 44, ఇంట్లో 38. చిల్లర్ (నీళ్ళను చల్లబరిచే మెషిన్) లేకుండా కుదరదని అందరూ చెప్తారు, చిల్లర్ ధర చూసి సగం మంది అక్కడే ఆగిపోతారు. కానీ మనకు ఒక అదృష్టం ఉంది, మన ఎండ పొడి ఎండ. చెన్నైలో, ముంబైలో గాలిలోనే నీళ్ళుంటాయి, ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టినా అంతగా ఆవిరవ్వదు. మన దగ్గర ఎండాకాలం కూలర్ ఎందుకు పనిచేస్తుందో ట్యాంకు మీద ఫ్యాన్ కూడా అందుకే పనిచేస్తుంది. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే 200 లీటర్ల ట్యాంకు నుంచి దాదాపు 3 డిగ్రీల వేడి తీసుకుపోతుంది. గది నుంచి, పంపుల నుంచి, లైట్ల నుంచి వేడి మళ్ళీ ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి మొత్తంగా గది కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువగా నిలబెట్టొచ్చు. ఫిబ్రవరి నుంచి మార్చి దాకా, మళ్ళీ వానలు పడ్డాక ఫ్యాన్లే చాలు. ఏప్రిల్, మే, జూన్ మొదటి వారాలకు మాత్రం చిల్లరో, ట్యాంకున్న గదిలో ఏసీనో తప్పదు. నేను ఏసీ గదిలోనే పెట్టాను, ఏసీ 27 మీద, ట్యాంకు మీద రెండు చిన్న ఫ్యాన్లు. మనుషులకూ చల్లగా ఉంటుంది, చిల్లర్ లాగా వేడిని మళ్ళీ అదే గదిలోకి ఊదదు. లైట్లు సాయంత్రం 3 తర్వాత వెలిగేట్టు టైమర్ పెడితే మిట్టమధ్యాహ్నం వేడికి అది తోడవ్వకుండా ఉంటుంది.

ఫ్యాన్‌తో వచ్చే తలనొప్పి ఏంటంటే నీళ్ళు తగ్గిపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. నడి ఎండాకాలంలో రోజుకు 5 లీటర్లు పోయాయంటే 35 ఉండాల్సిన ఉప్పదనం తెల్లారేసరికి 36 దగ్గరికి చేరుతుంది. పోసేది మంచి నీళ్ళే, ఉప్పునీళ్ళు కాదు. చెయ్యి తిరిగినవాళ్ళైనా ఏటీఓ పెట్టుకోవాలి, నీటిమట్టం తగ్గగానే దానంతటదే ఆర్వో నీళ్ళు ఎక్కించే చిన్న పరికరం. పెళ్ళికో జాతరకో రెండ్రోజులు ఊరెళ్ళాలంటే అదే దిక్కు.

సున్నం విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దానికీ ఎండకూ సంబంధం ఉంది. పగడాలకు, నత్తలకు, రాళ్ళ మీద పెరిగే గులాబీ రంగు నాచుకు కాల్షియం, ఆల్కలినిటీ (నీళ్ళలో కరిగిన బైకార్బనేట్ల లెక్క) రెండూ కావాలి. కాల్షియం 420 పీపీఎం చుట్టూ, ఆల్కలినిటీ 8 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) చుట్టూ ఉంటే చాలు. వాటిని నిలబెట్టడానికి విదేశాల్లో కాల్క్‌వాసర్ అని డబ్బాల్లో అమ్మేది మన సున్నపు తేటే. లీటరు ఆర్వో నీళ్ళలో ఒకటిన్నర గ్రాముల శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, తేరాక పైన ఉన్నది వాడతారు. గోడలకు వేసే సున్నంలో ఏముంటుందో చెప్పలేం, తమలపాకు సున్నంలో కూడా అంతే, ల్యాబ్ గ్రేడ్ కొనండి, ఏమంత ఖరీదు కాదు. చాలామంది దీన్ని ఏటీఓ డ్రమ్ములోనే కలిపేస్తారు, తగ్గిన నీళ్ళతో పాటు కాల్షియం కూడా ఎక్కుతుందని. చలిప్రాంతాల్లో రోజుకు లీటరు ఆవిరయ్యేచోట అది బాగానే ఉంటుంది. ఒక లీటరు చిక్కటి సున్నపు తేట 200 లీటర్ల ట్యాంకులో ఆల్కలినిటీని అర డీకేహెచ్ పైన పెంచుతుంది. మన మే నెలలో 5 లీటర్లు పోతే? ఒక్కరోజులో దాదాపు 3 డీకేహెచ్. మెత్తటి పగడాలు తప్ప వేరేవి లేని ట్యాంకు అందులో పదో వంతు కూడా వాడుకోదు, పీహెచ్ ఎగిరిపోతుంది, నీళ్ళు పాలరంగుకు తిరుగుతాయి. అందుకే నా ఏటీఓలో ఉత్త ఆర్వో నీళ్ళే, సున్నపు తేట విడిగా, టెస్ట్ కిట్‌లో తగ్గినట్టు కనిపిస్తేనే, రాత్రిపూట చుక్కలు చుక్కలుగా. దాని పీహెచ్ 12 పైన ఉంటుంది, కళ్ళల్లో పడకుండా చూసుకోండి, పిల్లలున్న ఇల్లయితే డబ్బా అటక మీద పెట్టండి.

కరెంటు గురించి పెద్దగా చెప్పేది లేదు గానీ చెప్పింది మాత్రం చెయ్యండి. కరెంటు పోతే చేపలను ముందుగా చంపేది వేడి కాదు, ఆక్సిజన్ లేకపోవడం. ఇన్వర్టర్ లైన్ మీద వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళను కదిలించే చిన్న పంపు) ఒక్కటి పెట్టినా చాలు, పది వాట్లు కూడా లాగదు. గాలివానకు రాత్రంతా కరెంటు రాని రోజులకు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. స్విచ్‌బోర్డు ట్యాంకు పక్కన ఎత్తులో ఉండాలి, వైర్లు బోర్డులోకి వెళ్ళేముందు కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క కింద పడిపోతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టడం ప్రాణంతో ఆట.

నీళ్ళు, రాళ్ళు, పంపులు సిద్ధమయ్యాక ఖాళీ ట్యాంకు నడుపుతూ కూర్చోవాలి, అమ్మోనియా (చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషం) 2 పీపీఎం వేస్తే బ్యాక్టీరియా ఒక్కరోజులో దాన్ని నైట్రైట్ మీదుగా నైట్రేట్‌గా మార్చగలిగేదాకా. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఈ టైమ్‌లో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఏందిరా, గింత ఖర్చు పెట్టి రాళ్ళను సాకుతున్నవా" అని అడుగుతారు, అలవాటు చేసుకోండి. తర్వాత రాళ్ళన్నీ గోధుమ రంగుకు తిరుగుతాయి, ఆ తర్వాత పచ్చటి జుట్టు లాంటి నాచు వస్తుంది, ఒక్కోసారి ఎర్రటి పొర కూడా. ఏ మందూ వెయ్యకండి. నత్తలను వెయ్యండి, వారానికి పదో వంతు నీళ్ళు మార్చండి, లైటు ఎక్కువసేపు వెయ్యకండి. డ్రై రాక్ ట్యాంకు కుదురుకోవడానికి ఆర్నెల్లు పడుతుంది, అది దానికి మామూలే. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా 0 చెయ్యాలని పట్టుబట్టొద్దు, రెండూ ఏమీ లేకపోతే డైనోఫ్లాజెలేట్లని ఇంకో జిగురు దెయ్యం వస్తుంది, దానికంటే నాచే నయం.

పగడాల్లో నేను పెట్టింది మెత్తటివే: జోయాంతస్, మష్రూమ్, ఒక లెదర్ కోరల్. తక్కువ వెలుతురుకూ, మన వేడికీ కొంచెం తట్టుకుంటాయి. జోయాంతస్‌తో ఒక్క జాగ్రత్త, వీటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా కొయ్యొద్దు, పాత రాయి శుభ్రం చెయ్యాలని దాన్ని వేడినీళ్ళలో ఉడకబెట్టొద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు వేరే దేశాల్లో ఉన్నాయి.

చేపలు రెండే, ఆసెల్లారిస్ క్లౌన్ జంట, హ్యాచరీలో పుట్టినవి. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు క్లౌన్ చేపలను పిల్లల నుంచి పెంచే పద్ధతి తీసుకొచ్చి చాలా ఏళ్ళయింది, కాబట్టి సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన అవసరమే లేదు. హ్యాచరీవి గుళికల మేత వెంటనే తింటాయి, రోగాలు తక్కువ. హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు ఎండాకాలమైతే ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకొని తెల్లారుజామున బయల్దేరండి, చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటి ఇంటికి చేరేసరికి ఎండ ఎక్కకూడదు, కవరు థర్మోకోల్ డబ్బాలో పెట్టాలి. నీలం రంగు సర్జన్ చేప కావాలని పిల్లలు పట్టుబడతారు, దానికి 3 అడుగుల ట్యాంకు చాలదు, మాండరిన్ చేప అందంగా ఉంటుంది గానీ కొత్త ట్యాంకులో దాని తిండికి సరిపడా చిన్న పురుగులు ఉండవు, ఆకలితో చనిపోతుంది. రెండూ ఇప్పుడే వద్దు.

ఇంకో మాట, డీఐ రెజిన్, రీఫ్ సాల్ట్ విడివిడిగా తెప్పించుకుంటే కొరియర్ ఖర్చే సగం అవుతోంది. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ వైపు ఎవరైనా ట్యాంకు నడుపుతుంటే చెప్పండి, ఎండాకాలం మొదలయ్యేలోపు అందరం కలిసి ఒకేసారి ఆర్డర్ పెడదాం, సరుకు మా ఇంట్లో దించుకుంటాను, వచ్చి తీసుకుపోవచ్చు.